వ్యాధి లక్షణాల ఉపేక్ష: విశాఖ మద్దిలపాలెం నేపథ్యం

తీవ్రమైన జబ్బు ముందుగానే గుర్తులు చూపిస్తున్నా వాటిని చిన్న విషయంగా కొట్టిపారేసి, డాక్టరు దగ్గరికి వెళ్లడాన్ని వాయిదా వేయడమే వ్యాధి లక్షణాల ఉపేక్ష. వైద్య పరిశోధకులు దీన్ని ‘రోగి వైపు జాప్యం’గా లెక్కగడతారు. గుండెపోటు, పక్షవాతం, క్షయ, కేన్సర్, మూత్రపిండాల వైఫల్యం వంటి వాటికి ఈనాడు చికిత్స ఉంది. అయినా ఆ చికిత్స పనిచేసే వేళ దాటిపోయాక ఆస్పత్రికి చేరేవాళ్లు చాలామంది. ఆస్పత్రి లేని చోట జాప్యానికి దూరం కారణమని చెప్పవచ్చు. విశాఖపట్నంలోని మద్దిలపాలెం లాంటి చోట ఆ మాట చెల్లదు. ఇక్కడ జాప్యం ఎక్కువగా ఇంట్లోనే, ‘రేపు చూద్దాంలే’ అన్న మాటతోనే మొదలవుతుంది. అందుకే దాన్ని తగ్గించే శక్తి కూడా చాలావరకు ఇంటి చేతిలోనే ఉంది.

ప్రాంతం

మద్దిలపాలెం విశాఖ నగరం నడుమ, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఒక పక్క 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం, మరో పక్క ఆర్టీసీ డిపో, డాక్టర్ వి.ఎస్. కృష్ణా ప్రభుత్వ డిగ్రీ కళాశాల, వాటి చుట్టూ పాత వీధులు, కొత్త అపార్టుమెంట్లు. శ్రీకాకుళం, విజయనగరం వైపు బస్సులు మద్దిలపాలెం కూడలి మీదుగా సాగుతాయి. విద్యార్థులు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, ఆటో డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసేవాళ్లు, ఉక్కు కర్మాగారానికీ పోర్టుకూ షిఫ్టులకు వెళ్లేవాళ్లు ఇక్కడ పక్కపక్కనే బతుకుతారు.

వైద్యం విషయంలో ఈ ప్రాంతం ఉత్తరాంధ్రలో అదృష్టమున్న చోటు. మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆస్పత్రి, జనం మాటలో కేజీహెచ్, ఇక్కడికి నాలుగైదు కిలోమీటర్లే. దానికి అనుబంధంగా 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల ఉంది. హనుమంతవాక దగ్గర 2016లో ప్రారంభమైన విశాఖ వైద్య విజ్ఞాన సంస్థ, అంటే విమ్స్, దాదాపు అంతే దూరం. వాల్తేరులో ఛాతీ, అంటువ్యాధుల ప్రభుత్వ ఆస్పత్రి, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. ఇవి కాక ప్రైవేటు ఆస్పత్రులు అనేకం.

ఇదే విశాఖ నుంచి కొన్ని గంటల ప్రయాణంలో ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ గ్రామాల్లో పరిస్థితి వేరు. రోడ్డు లేని కొండ మీది ఊరి నుంచి గర్భిణిని డోలీలో మోసుకుని దింపవలసి వస్తోంది. అక్కడ జనం వెళ్లాలనుకున్నా దారి అడ్డుపడుతుంది. మద్దిలపాలెంలో దారి ఉంది, బండి ఉంది, ఆస్పత్రి ఉంది, వెళ్లాలన్న నిర్ణయమే ఆలస్యమవుతుంది. ఈ రెండు రకాల ఆలస్యాలను వేరు చేసి చూడకపోతే పరిష్కారం కూడా దారి తప్పుతుంది.

అధ్యయన చరిత్ర

రోగులు ఎందుకు ఆలస్యంగా వస్తారన్న ప్రశ్నను వైద్యులు చాలాకాలం క్రితమే వేసుకున్నారు. 1938లో అమెరికా వైద్యులు ప్యాక్, గాలో కేన్సర్ రోగుల జాప్యాన్ని లెక్కగట్టి, లక్షణం కనబడిన మూడు నెలల లోపు డాక్టరును కలవకపోతే దాన్ని అనుచిత జాప్యమన్నారు. తప్పు రోగిదా, వైద్యుడిదా అన్నదే అప్పటి ఆలోచన. ఆ తరవాతి పరిశోధకులు తప్పు ఎవరిదన్న విచారణ వదిలి, మనిషి ఎందుకు ఆగిపోతాడన్నది అడిగారు.

1973లో సామాజిక శాస్త్రవేత్త ఇర్వింగ్ జోలా ఒక గొప్ప సంగతి బయటపెట్టాడు. నొప్పి పరాకాష్ఠకు చేరినప్పుడే మనుషులు ఆస్పత్రికి వెళతారన్నది అపోహ అని ఆయన చూపించాడు. జబ్బు పనికి అడ్డు తగిలినప్పుడు, నలుగురిలో తిరగడానికి ఇబ్బంది అయినప్పుడు, ఇంట్లో ఏదో కలత పుట్టినప్పుడు, తమకు తామే పెట్టుకున్న గడువు దాటినప్పుడు, దగ్గరివాళ్లు ‘పద, వెళదాం’ అని పట్టుబట్టినప్పుడు కదులుతారు. మన ఇళ్లలోనూ జరిగేది అదే. ఛాతీలో మంట నెల రోజులుగా ఉన్నా వెళ్లని మనిషి, పెద్ద కూతురు ఊరి నుంచి వచ్చి కసిరితే గంటలో బయలుదేరతాడు.

1994లో థేడియస్, మేన్ అనే పరిశోధకులు కాన్పు మరణాల మీద రాస్తూ మూడు జాప్యాల నమూనాను ప్రతిపాదించారు: వెళ్లాలని నిర్ణయించుకోవడంలో మొదటిది, ఆస్పత్రికి చేరడంలో రెండవది, చేరాక తగిన చికిత్స అందడంలో మూడవది. ఏజెన్సీ కొండల్లో రెండవ జాప్యం బలమైనది. నగరంలో మొదటిదే బలమైనది.

జాప్యంలో దశలు

లక్షణం కనబడిన క్షణం నుంచి చికిత్స మొదలయ్యే దాకా ఉన్న కాలాన్ని పరిశోధకులు అంచెలుగా విడదీస్తారు. మొదటి అంచెలో మనిషి ఇది జబ్బా కాదా అని తేల్చుకోవాలి. రెండవ అంచెలో ఇది డాక్టరు చూడవలసినదేనా, ఇంటి చిట్కాతో పోయేదా అని నిర్ణయించుకోవాలి. మూడవ అంచెలో బయలుదేరాలి: డబ్బు, తోడు, సెలవు సమకూరాలి. నాలుగవ అంచెలో సరైన డాక్టరు దొరకాలి. అయిదవ అంచెలో పరీక్షలు జరిగి జబ్బు పేరు తేలి మందు మొదలవ్వాలి.

వీటిలో ఎక్కువ కాలాన్ని తరచూ మింగేది మొదటి అంచె. శరీరంలో వచ్చే కొత్త మార్పును మనిషి తనకు అప్పటికే తెలిసిన మామూలు విషయంతో ముడిపెడతాడు. ఛాతీ నొప్పిని గ్యాస్ అనుకుంటాడు, ఆయాసాన్ని వయసు మీద తోస్తాడు, మలంలో రక్తం పడితే మొలలు అనుకుంటాడు, బరువు తగ్గితే పని ఒత్తిడి అనుకుంటాడు. ఈ సర్దుబాటు సహజమే. చాలాసార్లు అది నిజం కూడా అవుతుంది. అందుకే నిజం కాని ఒక్కసారి ప్రాణం మీదికి వస్తుంది.

ఉపేక్షకు కారణాలు

భయం మొదటి కారణం. జబ్బు ఏమిటో తెలియక వెళ్లనివాళ్ల కంటే, ఏమని తేలుతుందోనన్న బెంగతో వెళ్లనివాళ్లను ఒప్పించడం కష్టం. రొమ్ములో గడ్డ తగిలిన స్త్రీ నెలల తరబడి ఎవరికీ చెప్పకపోవడం వెనక తరచూ ఇదే ఉంటుంది. పరీక్ష చేయించకపోతే జబ్బు లేనట్టే అన్న నమ్మకం మనసును కాసేపు ఊరడిస్తుంది, జబ్బును మాత్రం ఆపదు.

డబ్బు, కూలి రెండవ కారణం. రోజు కూలికి పోయే మనిషికి ఓపీ దగ్గర గడిపే పూట అంటే ఆ రోజు సంపాదన పోవడమే. పరీక్షల ఖర్చు ఎంతవుతుందో, అడ్మిషన్ అంటారేమోనన్న దిగులు దానికి తోడు. షిఫ్టుల్లో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడు సెలవు పెడితే పని పోతుందేమోనని నొప్పిని బిళ్లతో అణచుకుంటాడు.

కుటుంబ క్రమం మూడవది. ఇంట్లో అందరి తిండీ అయ్యాక తినే తల్లి, అందరి జబ్బులూ నయమయ్యాక తన జబ్బు గురించి చెబుతుంది. పిల్ల పెళ్లి కానీ, పరీక్షలు అవనీ, పండగ వెళ్లనీ అన్న గడువులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. మద్దిలపాలెం, సీతమ్మధార, ఎంవీపీ కాలనీ వంటి చోట్ల పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో స్థిరపడగా ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లు ఉన్నారు. పిల్లలు కంగారుపడతారని ఫోన్లో ‘బాగానే ఉన్నాం నాన్నా’ అంటారు. ఆ మాటను పిల్లలు నమ్ముతారు.

సిగ్గు, అపవాదు నాలుగవ కారణం. క్షయ అని తెలిస్తే సంబంధం తప్పిపోతుందన్న భయం, తెల్లబట్ట గురించో మలద్వారం నుంచి రక్తం గురించో మగ డాక్టరుకు చెప్పలేని బిడియం, మూర్ఛకు దెయ్యం పేరు పెట్టే ఆచారం ఈ కోవలోవే.

అయిదవ కారణం తేలికగా దొరికే ఉపశమనం. వీధి చివర మెడికల్ షాపులో చెప్పగానే యాంటాసిడ్, నొప్పి బిళ్ల, దగ్గు మందు దొరుకుతాయి. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, ఒక సెలైన్. వీటితో లక్షణం తాత్కాలికంగా తగ్గుతుంది. తగ్గడాన్ని నయమవడంగా మనిషి అర్థం చేసుకుంటాడు.

గుండెపోటు

గుండె కండరానికి రక్తం ఇచ్చే ధమని మూసుకుపోతే ఆ భాగం నిమిషనిమిషానికీ చచ్చుబడిపోతుంది. గడ్డను కరిగించే సూదిమందు లేదా యాంజియోప్లాస్టీ ఎంత త్వరగా అందితే అంత కండరం దక్కుతుంది. 1996లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం, లక్షణాలు మొదలైన తొలి గంటలో గడ్డ కరిగించే చికిత్స పొందిన ప్రతి వెయ్యిమందిలో అదనంగా 65 ప్రాణాలు దక్కాయి. రెండవ గంటలో ఆ లాభం 37కు, మూడవ గంటలో 26కు పడిపోయింది.

భారతదేశంలో 89 ఆస్పత్రులకు వచ్చిన 20,468 మంది గుండె రోగుల వివరాలతో చేసిన క్రియేట్ అధ్యయనం 2008లో వెలువడింది. లక్షణాలు మొదలయ్యాక ఆస్పత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ కాలం 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు. ఆస్పత్రిలో అడుగు పెట్టాక మందు ఎక్కించడానికి పట్టింది 50 నిమిషాలు. ఆలస్యంలో పెద్ద వాటా ఆస్పత్రి గేటుకు బయటే ఉందని ఈ రెండు అంకెలూ కలిసి చెబుతున్నాయి. పేద రోగుల్లో 30 రోజుల లోపు మరణాలు ధనికుల కంటే ఎక్కువని కూడా ఆ అధ్యయనం చూపింది.

తెలుగు ఇళ్లలో గుండెపోటుకు పెట్టే మొదటి పేరు గ్యాస్. సోడా తాగడం, ఈనో కలుపుకోవడం, వాము నమలడం, ‘కాసేపు పడుకుంటే తగ్గుతుంది’ అనడం వరసగా జరుగుతాయి. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు ఒత్తిడి, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లటి చెమటలు, ఆయాసం ఉంటే గ్యాసో గుండెపోటో తేల్చేది ఈసీజీ, రక్త పరీక్ష. ఇంట్లో ఎవరూ ఊహతో తేల్చలేరు. స్త్రీలలో, మధుమేహ రోగులలో నొప్పి లేకుండా కేవలం ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసంతో కూడా గుండెపోటు రావచ్చు. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా లక్షణం కొనసాగుతుంటే మళ్లీ తీయించాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో స్టెమీ కార్యక్రమం కింద ఊరి దగ్గరి ఆస్పత్రిలోనే ఈసీజీ తీసి, దాన్ని పెద్ద ఆస్పత్రి నిపుణులకు పంపి, వారి సలహాతో టెనెక్టెప్లేస్ సూదిని ఉచితంగా ఇస్తున్నారు. బజారులో వేలల్లో ధర పలికే మందు ఇది. మనిషి సమయానికి వస్తేనే దానికి విలువ.

పక్షవాతం

మెదడుకు రక్తం అందకపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక ప్రసిద్ధ గణన తేల్చింది. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే సూది సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఆ లోపు సీటీ స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని నిర్ధారించుకోవాలి. కనుక రోగి మూడున్నర గంటలకు గేటు దాటితే అప్పటికే చాలా ఆలస్యం.

మూతి ఒక పక్కకు వంకరపోవడం, ఒక చెయ్యి ఎత్తలేకపోవడం, మాట ముద్దగా రావడం, ఒక్కసారిగా తూలిపోవడం, ఒక కంటి చూపు పోవడం పక్షవాతానికి గుర్తులు. కొందరిలో ఇవి పది ఇరవై నిమిషాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. నిజానికి అది పెద్ద పక్షవాతానికి ముందస్తు హెచ్చరిక, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లవలసిన విషయం. తైలం మర్దనలు, ఆకు పసరు, దూరపు ఊరి నాటు వైద్యుడి కోసం చేసే ప్రయాణాలు ఆ నాలుగున్నర గంటలను తినేస్తాయి. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఏ వేళలో అన్నది ఇంట్లోవాళ్లు గుర్తుంచుకుని డాక్టరుకు చెప్పాలి. చికిత్స నిర్ణయం దాని మీదే ఆధారపడుతుంది.

క్షయ

రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తెమడలో రక్తపు జీర క్షయకు గుర్తులు. 2019–21లో జరిగిన జాతీయ క్షయ సర్వేలో లక్షణాలు ఉన్నవారిలో సుమారు 64 శాతం మంది ఏ వైద్యుడి దగ్గరికీ వెళ్లలేదని తేలింది. ఎందుకు వెళ్లలేదంటే వారిలో 68 శాతం మంది లక్షణాలను పట్టించుకోలేదన్నారు. 18 శాతం మంది అవి క్షయ లక్షణాలని గుర్తించలేదు. 12 శాతం మంది సొంతంగా మందులు వాడారు. ఖర్చు భరించలేక వెళ్లలేదన్నవారు 2 శాతమే. లక్షణాల ఉపేక్ష గురించి ఈ దేశంలో ఇంత సూటిగా మాట్లాడిన లెక్క అరుదు.

డాక్టరు దగ్గరికి వెళ్లినవారి కథ కూడా పొడుగే. 2014లో వెలువడిన సమీక్ష ప్రకారం, భారతదేశంలో ఊపిరితిత్తుల క్షయ రోగికి లక్షణం మొదలై చికిత్స అందడానికి మధ్యస్థంగా 55 రోజులు పట్టింది. ఈలోపు రోగులు సగటున ముగ్గురు దాకా వైద్యులను సంప్రదించారు. చికిత్స పొందని రోగి ఏడాదిలో దగ్గరగా మెలిగే 5 నుంచి 15 మందికి క్రిములను అంటించగలడు. హాస్టల్ గదులు, ఇరుకు అద్దె ఇళ్లు, కిక్కిరిసిన సిటీ బస్సులు ఉన్న మద్దిలపాలెం వంటి చోట ఒకరి ఉపేక్ష ఒకరితో ఆగదు. తెమడ పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

నోటి కేన్సర్, అడ్డపొగ

ఉత్తరాంధ్ర తీరానికి సొంతమైన ఒక విషాద అధ్యాయం ఇది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో పల్లెటూరి స్త్రీలు చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని తాగే అలవాటును అడ్డపొగ అంటారు. పొగ, వేడి నేరుగా అంగిలికి తగులుతాయి. 1937 నాటికే విశాఖపట్నంలో పనిచేసిన శస్త్రవైద్యుడు ఎం.జి. కిణి అంగిలి కేన్సర్ల గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశాడు. 1945లో వి.ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయి ఇక్కడి అంగిలి కేన్సర్‌ను చుట్ట అలవాటుతో ముడిపెట్టారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరిశీలించి ఫలితాలను ప్రచురించారు. విశాఖలో పనిచేసిన సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి ఈ విషయం మీద 1974లో ముఖ్యమైన వ్యాసం రాశాడు. ప్రపంచ వైద్య గ్రంథాల్లో అంగిలి కేన్సర్ గురించి చదివే ప్రతి విద్యార్థికీ ఈ ప్రాంతం పేరు తగులుతుంది.

అంగిలి మీద తెల్లటి పొర, ఎర్రటి చుక్కలు, మానని పుండు కేన్సర్‌కు ఏళ్ల ముందే కనిపించవచ్చు. అవి నొప్పి పెట్టవు. నొప్పి లేదు కనుక చుట్ట తాగే ముసలమ్మ చెప్పదు, ఎవరూ నోరు తెరిపించి చూడరు. ముద్ద మింగుడు పడని రోజు వచ్చేసరికి జబ్బు ఎముక దాకా పాకి ఉంటుంది. నేడు చుట్ట తగ్గి గుట్కా, ఖైనీ పెరిగాయి. కేన్సర్ అంగిలి నుంచి బుగ్గకూ నాలుక అంచుకూ చోటు మారినా, నొప్పి లేని మచ్చను ఉపేక్షించే తీరు మారలేదు. మూడు వారాలు దాటినా మానని నోటి పుండును, నోరు పూర్తిగా తెరవలేకపోవడాన్ని దంతవైద్యుడికైనా చూపించాలి.

స్త్రీల కేన్సర్లు

రొమ్ము కేన్సర్ గడ్డ మొదట్లో నొప్పి పెట్టదు. నొప్పి లేని గడ్డ మంచిదన్న నమ్మకం మన ఇళ్లలో వేళ్లూనుకుంది, దాని వల్ల ఎన్నో ప్రాణాలు పోతున్నాయి. 87 అధ్యయనాలను కలిపి 1999లో వెలువరించిన సమీక్షలో, మూడు నెలలు లేదా అంతకు మించి ఆలస్యం చేసిన స్త్రీలలో అయిదేళ్ల మనుగడ త్వరగా వచ్చినవారి కంటే 12 శాతం తక్కువని తేలింది. గర్భాశయ ముఖ కేన్సర్‌లో కలయిక తరవాత రక్తం కనబడటం, ముట్లు నిలిచిపోయాక మళ్లీ రక్తం పడటం, దుర్వాసనతో తెల్లబట్ట ముఖ్య గుర్తులు. ముప్పై ఏళ్లు దాటిన వారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖ కేన్సర్ల ప్రాథమిక పరీక్షలు జాతీయ కార్యక్రమంలో భాగం. ఇంటికి వచ్చిన ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో ‘మాకేం లేదమ్మా’ అని చెప్పి పంపించడం కూడా ఒక రకం ఉపేక్షే.

లక్షణమే లేని జబ్బులు: ఉద్దానం, షుగరు, బీపీ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో, మూలం పూర్తిగా తేలని మూత్రపిండాల జబ్బు వేల కుటుంబాలను కుంగదీసింది. కేజీహెచ్‌లో నెఫ్రాలజిస్టుగా పనిచేసిన డాక్టర్ టి. రవిరాజు ఈ సమస్యను వైద్యలోకం దృష్టికి తెచ్చినవారిలో ముఖ్యులు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యే దాకా అక్కడి రోగుల్లో ఎంతోమందికి విశాఖే దిక్కు. శ్రీకాకుళం బస్సుల్లో మద్దిలపాలెం మీదుగా ఆస్పత్రులకు వెళ్లిన ఉద్దానం రైతుల తరం ఒకటి ఉంది.

ఈ జబ్బు ప్రత్యేకత ఏమిటంటే, మూత్రపిండాలు చాలాభాగం చెడిపోయే దాకా ఒంట్లో ఏ బాధా తెలియదు. ఆకలి మందగించడం, పాదాల వాపు, ఆయాసం కనబడేసరికి రోగి డయాలసిస్ ముంగిట ఉంటాడు. కనుక లక్షణం వచ్చాక వెళదామనుకోవడమే ఇక్కడ ఉపేక్ష. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలే చెబుతాయి. అధిక రక్తపోటు, షుగరు కూడా ఇలాంటివే. తల తిరగలేదు కనుక బీపీ లేదని, బాగానే ఉంది కనుక బిళ్ల మానేయవచ్చని చాలామంది అనుకుంటారు. షుగరు వల్ల స్పర్శ పోయిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. నొప్పి లేని పుండు కుళ్లి, వేలితో మొదలైన కోత మోకాలి దాకా వెళుతుంది.

వైద్య వ్యవస్థ వైపు జాప్యం

రోగినే తప్పుపట్టడం అన్యాయం. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి ఈసీజీ తీయకుండా యాసిడిటీ బిళ్ల ఇచ్చి పంపేవాళ్లు, నెల రోజుల దగ్గుకు తెమడ పరీక్ష రాయకుండా సిరప్పులు మార్చేవాళ్లు ఉన్నారు. ఓపీలో గంటల తరబడి నిలబడి, విసుక్కున్న మాట పడి వెనుదిరిగిన రోగి రెండవసారి రావడానికి వెనకాడతాడు. ఒక్కసారి అందిన చేదు అనుభవం ఆ కుటుంబం మొత్తాన్ని ఏళ్లపాటు ఆస్పత్రికి దూరం చేస్తుంది. రోగి మాట ఓపికగా వినడం కూడా చికిత్సలో భాగమే.

కోవిడ్ నేర్పిన పాఠం

2020, 2021 సంవత్సరాల్లో ఊపిరాడని బాధ పెద్దగా తెలియకుండానే రక్తంలో ఆక్సిజన్ పడిపోయిన రోగులు ఎందరో కనిపించారు. నడుస్తూ ఆస్పత్రికి వచ్చిన మనిషి కొన్ని గంటల్లో వెంటిలేటర్ మీదికి వెళ్లాడు. విశాఖలో విమ్స్ కోవిడ్ ఆస్పత్రిగా పనిచేసింది. ఆ రోజుల్లోనే పల్స్ ఆక్సీమీటర్ మధ్యతరగతి ఇళ్లకు చేరింది. 94 కంటే తగ్గితే ప్రమాదమన్నది ఇంటింటికీ తెలిసిపోయింది. ఒంటికి ఏమీ అనిపించకపోయినా అంకెను చూసి జనం కదిలారు. మన జనం నేర్చుకోరన్న నిందకు ఇది సమాధానం. బీపీ, షుగరు, క్రియాటినిన్ అంకెల విషయంలోనూ అదే శ్రద్ధ సాధ్యం.

అందుబాటులో ఉన్న అండ

108 అంబులెన్స్ సేవ తెలుగునేల మీద 2005 ఆగస్టు 15న మొదలైంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకం, నేటి పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అర్హులైన కుటుంబాలకు గుండె, కేన్సర్, కిడ్నీ వంటి పెద్ద జబ్బుల చికిత్స ఖర్చు భరిస్తుంది. ఈఎస్‌ఐ చందాదారులైన కార్మికులకు అర్హతకు లోబడి ఏడాదిలో 91 రోజుల వరకు సగటు వేతనంలో 70 శాతం అనారోగ్య భృతి వస్తుంది. క్షయ, కేన్సర్ వంటి దీర్ఘకాలిక జబ్బులకు అది ఇంకా ఎక్కువ కాలం అందుతుంది. సెలవు పెడితే కూలి పోతుందన్న భయానికి ఇది కొంత జవాబు. తమ జీతం నుంచి కోత పడుతున్నా ఈ హక్కు సంగతి తెలియని కార్మికులు ఉన్నారు. వారికి చెప్పవలసిన బాధ్యత యాజమాన్యానిదీ, సంఘాలదీ.

హెచ్చరిక లక్షణాలు

వెంటనే 108కి ఫోన్ చేయవలసినవి: పది నిమిషాలకు మించిన ఛాతీ ఒత్తిడి, దానితో చెమట లేదా ఆయాసం, మూతి వంకర, చెయ్యి లేదా కాలు పడిపోవడం, మాట తడబడటం, స్పృహ తప్పడం, తొలిసారి ఫిట్స్, హఠాత్తుగా వచ్చిన భరించలేని తలనొప్పి, రక్తపు వాంతి, నల్లటి తారు వంటి విరేచనం, గర్భిణికి రక్తస్రావం లేదా కళ్లు మసకబారడం లేదా ఫిట్స్. ఇలాంటప్పుడు రోగి సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లకూడదు.

ఆ వారంలోనే డాక్టరుకు చూపించవలసినవి: రెండు వారాలు దాటిన దగ్గు, మూడు వారాలు దాటిన నోటి పుండు లేదా గొంతు బొంగురు, ఒంట్లో ఎక్కడైనా కొత్త గడ్డ, కారణం లేకుండా తగ్గే బరువు, మూత్రంలో, మలంలో రక్తం, ముట్లు ఆగాక రక్తస్రావం, మింగడం కష్టమవడం, పాదాల వాపు, షుగరు రోగి కాలి మీద ఏ పుండైనా.

ఈ లక్షణాలున్న చాలామందిలో ప్రమాదకరమైన జబ్బు ఉండదు. ఆ సంగతి పరీక్ష తరవాత డాక్టరు చెప్పాలి. ‘ఏమీ లేదు’ అన్న మాట విని ఇంటికి తిరిగి రావడం వృథా ప్రయాణం అవదు.

చేయవలసినది

నగరంలో జాప్యాన్ని తగ్గించడానికి కొత్త ఆస్పత్రి ఒక్కటే చాలదు. ఇంట్లో ముందే కుదుర్చుకున్న ఏర్పాటు కావాలి. ఏ వేళ ఏ ఆస్పత్రికి వెళ్లాలి, కార్డులు ఎక్కడున్నాయి, ఎవరు తోడు వస్తారు, రోజూ వేసుకునే మందుల జాబితా ఏది అన్నవి అందరికీ తెలిసి ఉండాలి. ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికొకసారి బీపీ, షుగరు చూపించుకోవాలి. ఉద్దానం వైపు మూలాలున్నవారు, షుగరు, బీపీ ఉన్నవారు క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. మెడికల్ షాపు యజమానులు, ఆర్‌ఎంపీలు ఛాతీ నొప్పి, రెండు వారాల దగ్గు, మూతి వంకర అన్న మూడు మాటలు వినగానే మందు ఇవ్వకుండా ఆస్పత్రికి పంపితే ఎన్నో ప్రాణాలు దక్కుతాయి. కళాశాలల్లో ఈ గుర్తులు నేర్పితే విద్యార్థులు వాటిని తమ ఇళ్లకు, ఊళ్లకు మోసుకెళతారు.

మనుషులను కదిలించేది చాలాసార్లు దగ్గరివాళ్ల పట్టుదలేనని జోలా చూపించాడు. కనుక ఈ వ్యాసం చదివినవారికి ఒక విన్నపం. మీ ఇంట్లో, మీ మెట్ల మీద, మీ షిఫ్టులో ఎవరైనా ‘గ్యాసులే, రేపు చూద్దాంలే’ అంటే ఆ మాటకు తలూపకండి. పక్కన కూర్చుని ఎప్పటినుంచి ఉందో అడగండి, తోడుగా బయలుదేరండి. మద్దిలపాలెం నుంచి ఆస్పత్రి నాలుగైదు కిలోమీటర్లే.